చప్పట్లు సరే, తలుపు ఎవరు తీశారు?

1961 జూలై 23 రాత్రి జర్మనీలోని బైరాయిత్ అనే వూళ్లో వొక నల్లపిల్ల పాడింది. ఆమెకి అప్పుడు 24 ఏళ్లు. పాట అయిపోయింది గానీ చప్పట్లు అయిపోలేదు. అరగంట కొట్టారు. 42 సార్లు తెర ముందుకి రావాల్సి వచ్చింది. ఆ పిల్ల పేరు గ్రేస్ బంబ్రీ. ఆ రాత్రితో ఆమె పేరు యూరప్ అంతా పాకింది. 2023 మే 7న వియన్నాలో తన 86వ ఏట చనిపోయేదాకా, ఆమె గురించి ఎవరు రాసినా ఆ 42తోనే మొదలుపెట్టారు.

ఇది మన పత్రికలో ఎందుకు అని మీరు అడుగుతారని తెలుసు. అడగాలి కూడా. మా గుంపులోనే వొక తమ్ముడు అడిగాడు: "అన్నా, తెల్లదొరల పాటకచేరీ గొడవ మనకెందుకు? మనకి డప్పు లేదా?" వాడి ప్రశ్న చిన్నది కాదు. దానికి జవాబు చివర్న చెప్తాం. ముందు కథ విందాం.

ఒపెరా అంటే కొత్తేం కాదు. మన వీధిభాగోతం, చిందు యక్షగానం లాంటిదే. మాటలకి బదులు పాటలే. రాజు పాటలోనే కోప్పడతాడు, చచ్చేవాడు పాడుతూనే చస్తాడు. తేడా ఎక్కడంటే, మన ఆట చావిడి ముందు నేల మీద జరుగుతుంది, వాళ్లది పాలరాతి మేడల్లో జరుగుతుంది. రాజులు, కోటీశ్వరులు డబ్బు పెట్టి పెంచిన కళ అది. ఆడగొంతుల్ని వాళ్లు మెట్లుగా చెప్తారు. పైమెట్టు సొప్రానో. కిందిమెట్టు కంట్రాల్టో. నడిమెట్టు మెజ్జో సొప్రానో. కథానాయిక వేషం ఎక్కువగా పైమెట్టుదే. మెజ్జోకి దక్కేది సవతి, మంత్రగత్తె, తల్లి, జిప్సీ పిల్ల, మగవాణ్ణి చెడగొట్టే మోహిని. నిచ్చెనమెట్ల సంగతి మనకెవరూ నేర్పక్కర్లేదు గదా. గ్రేస్ బంబ్రీ మెజ్జో.

ఆమె 1937 జనవరి 4న అమెరికాలో సెయింట్ లూయిస్ పట్టణంలో పుట్టింది. తండ్రి రైల్వేలో సరుకు మోసే పని చేసేవాడు. చర్చిలో పాడుతూ పెరిగింది. నల్లపిల్లలకి వేరుగా పెట్టిన సమ్నర్ హైస్కూల్లో చదివింది. 1954లో, 17 ఏళ్లప్పుడు, ఆ వూరి రేడియో వాళ్లు పెట్టిన పాటల పోటీలో గెలిచింది. గెలిచినవాళ్లకి ఇచ్చే వాటిలో వొకటి సెయింట్ లూయిస్ సంగీత విద్యాలయంలో చదువుకోడానికి వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్. పోటీ పెట్టినవాళ్లు గొంతు విన్నారు, గెలిపించారు. విద్యాలయం వాళ్లు చర్మం చూశారు, చేర్చుకోమన్నారు.

పూర్తిగా పొమ్మంటే బాగుండదని వొక దారి చూపించారు. మిగతా పిల్లలతో కలవకుండా విడిగా పాఠం చెప్తామన్నారు. ఆమె తల్లి వొప్పుకోలేదు. మిత్రులారా, మేం ఈ కథలో అన్నిటికంటే ముందు దణ్ణం పెట్టేది ఈ తల్లికి. బైరాయిత్ చప్పట్లకి కాదు. "పోనీలే, పాఠమైతే చెప్తామంటున్నారు గదా" అని సర్దుకుపోవడం ఎంత తేలికో మనకి తెలుసు. బడిలో విడిగా కూచోబెట్టినా చదువొస్తే చాలని మన తాతలు ఎందరు తల వంచారో తెలుసు. వాళ్లని తప్పు పట్టం, వాళ్లకి వేరే దారి లేదు. కానీ విడిగా చెప్పే పాఠంలో మొదటి పాఠం సంగీతం కాదు. నువ్వు వేరు అన్నదే మొదటి పాఠం. ఆ పాఠం నా బిడ్డకి వద్దు అంది ఆ తల్లి.

అదే 1954 మే 17న, నల్లపిల్లలకి వేరు బడులు పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు కాయితం మీద, తాళం తలుపు మీద. కారంచేడు, చుండూరు చూసిన మనకి ఈ సంగతి విడమర్చి చెప్పాలా?

ఇక్కడ వొక్క నిమిషం ఆగుదాం. మనల్ని రోజూ పొడిచే మాట వొకటుంది. "ప్రతిభ వుంటే ఎవరాపుతారు? మెరిట్ వుంటే అదే పైకొస్తుంది. మీకు రిజర్వేషన్లెందుకు?" ఈ మాట అనేవాళ్లు గ్రేస్ బంబ్రీ 42 సార్ల చప్పట్లని కూడా తమ వాదనకే వాడుకుంటారు. చూశారా, నల్లపిల్లయినా ప్రతిభతో గెలిచింది అంటారు. అబద్ధం. ప్రతిభ ఆమెకి 1954లోనే వుంది. పోటీలో రుజువైంది కూడా. రుజువైన ప్రతిభని మొహం మీద తలుపేసి పంపించారు. మెరిట్ తలుపు తియ్యలేదు. తల్లి మొండితనం, దేశమంతా వినే రేడియో టీవీ పోటీలో పాడే అవకాశం, దాంతో వచ్చిన స్కాలర్‌షిప్పులు, బోస్టన్ యూనివర్సిటీలో సీటు, తర్వాత నార్త్‌వెస్టర్న్‌లో, కాలిఫోర్నియాలో లొట్టే లేమాన్ లాంటి గురువు. ఇన్ని కలిస్తే తలుపు తెరుచుకుంది. ఇందులో వొక్కటి తప్పినా సెయింట్ లూయిస్ చర్చిలో ఆదివారం పాడే గొంతుగా మిగిలిపోయేది. అట్లా మిగిలిపోయిన గొంతులెన్నో ఎవరు లెక్కపెట్టారు? మెరిట్ గురించి మాట్లాడేవాళ్లు గెలిచిన వొక్కరినీ లెక్కపెడతారు. మూసిన తలుపుల్ని లెక్కపెట్టరు.

ఇప్పుడు బైరాయిత్‌కి వద్దాం. అది అట్లాంటిట్లాంటి వేదిక కాదు. రిచర్డ్ వాగ్నర్ అనే సంగీతకారుడు తన ఒపెరాల కోసమే కట్టించుకున్న నాటకశాల. 1876లో తెరిచారు. ఈ వాగ్నరే 1850లో, యూదులకి సంగీతం సృష్టించే శక్తి లేదని దొంగపేరుతో వ్యాసం రాశాడు. అతని కోడలు హిట్లర్‌కి భక్తురాలు. హిట్లర్ ఆ ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. యుద్ధంలో హిట్లర్ ఓడి చచ్చాక ఆ నాటకశాల కొన్నేళ్లు మూతపడి 1951లో మళ్లీ తెరుచుకుంది. నడిపించింది వాగ్నర్ మనవలు. వాళ్లలో వొకడైన వీలాండ్ 1961లో 'టాన్‌హాయిజర్' ఒపెరాలో వీనస్ దేవత వేషానికి గ్రేస్ బంబ్రీని పిలిచాడు.

పిలిచాడని తెలియగానే గోల మొదలైంది. మా దేవత వేషం నల్లదానికా అని నిరసన ఉత్తరాలొచ్చాయి. మా తాత రాసింది గొంతుల రంగుల కోసం, చర్మం రంగు కోసం కాదు అన్న అర్థంలో వీలాండ్ జవాబు చెప్పాడు. మంచి జవాబే. కాదనం. కానీ మేం ఇంకోటి కూడా చూస్తున్నాం. ఆ గోడ మీద నెత్తుటి మరకలున్నాయి. సున్నం వేసుకోవాల్సిన అవసరం ఆ ఇంటికి చాలా వుంది. వొక నల్లగాయనిని నిలబెడితే ఆమెకి వేదిక దొరికింది, ఇంటికి సున్నమూ దొరికింది. బాకీ ఎవరిది? ఆమె వాళ్లకి రుణపడిందని రాస్తారు. వాళ్లే ఆమెకి రుణపడ్డారని మేం రాస్తాం.

బైరాయిత్‌లో పాడిన మొదటి నల్లగాయని బంబ్రీయే. ఆ మాట నిజమే. అయితే అంతకు 65 ఏళ్ల ముందే, 1896లో, లురానా ఆల్డ్రిడ్జ్ అనే నల్లగాయనిని అదే నాటకశాలకి తీసుకున్నారు. షేక్స్‌పియర్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న నల్లనటుడు ఐరా ఆల్డ్రిడ్జ్ కూతురామె. జబ్బు చేసి పాడలేకపోయింది. "మొదటి" అనే మాట వెనక ఇట్లా ఎవరో వొకరు వుంటారు. మనవాళ్ల చరిత్ర రాసేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సరే, పొగడ్త సంగతి. ఆ పొగడ్తలో ఆమెకి వొక పేరు పెట్టారు: "నల్ల వీనస్". ప్రేమగానే పెట్టారు. పోస్టర్ల మీద, వార్తల్లో, చివరికి చావు వార్తల్లో కూడా అదే పేరు. ఇంకో నల్ల మెజ్జో వుంది, షర్లీ వెరెట్. ఆమె ఇటలీలో పాడితే అక్కడివాళ్లు "నల్ల కలాస్" అన్నారు. మరియా కలాస్ అంటే ఆ రోజుల్లో ఒపెరా మహారాణి. మరి కలాస్‌ని ఎవరైనా "తెల్ల వెరెట్" అన్నారా? అనరు. వాళ్ల పేరుకి విశేషణం అక్కర్లేదు. మనల్ని మాత్రం విశేషణం లేకుండా పొగడలేరు. దళిత కవి, దళిత కలెక్టరు, దళిత మేధావి. ఆ మాట మనం ఎత్తుకుంటే జెండా. వాళ్లు అతికిస్తే చీటీ. మాట వొకటే, ఎవరి చేతిలో వుందన్నదే తేడా.

వేషాల సంగతి కూడా చూడండి. 'టాన్‌హాయిజర్'లో ఇద్దరు ఆడవాళ్లు. వొకరు వీనస్, మోహంలో ముంచి మగవాణ్ణి చెడగొట్టేది. రెండోది ఎలిజబెత్, పవిత్రురాలు, అతని కోసం ప్రార్థించి ప్రాణం విడిచేది. నల్లపిల్లకి వచ్చింది ఏ వేషమో చెప్పక్కర్లేదు. ఎలిజబెత్ సొప్రానో వేషం, బంబ్రీ మెజ్జో, కాబట్టి ఇది గొంతు లెక్కే అంటారు. నిజమే. అయినా "నల్ల వీనస్" అనడంలో వున్న ఆ కులుకు గొంతు లెక్క కాదు. నల్లఒళ్లు అంటే మోహం, తెల్లఒళ్లు అంటే పవిత్రత అనే పాత లెక్క అది. మన వాడల ఆడవాళ్ల గురించి వూళ్లో పెద్దమనుషులు చెప్పుకునే కథలు కూడా అదే బాపతు.

అయితే ఇంకో వేషం ఆ లెక్కని తలకిందులు చేసింది. బైరాయిత్‌కి వొక ఏడాది ముందు, 1960లో, బంబ్రీ పారిస్ ఒపెరాలో 'అయిదా'లో పాడింది. ఆ కథలో అయిదా ఇతియోపియా నుంచి చెరపట్టి తెచ్చిన బానిస. అమ్నెరిస్ ఈజిప్టు రాజకుమారి, అయిదాకి యజమానురాలు. బంబ్రీ పాడింది అమ్నెరిస్ వేషం. నల్లపిల్ల రాజకుమారి, ఆమె ముందు బానిస మోకరిల్లాలి. మరి అయిదా వేషానికి తెల్లగాయనులు మొహానికి నల్లరంగు పూసుకోవడం దశాబ్దాల పాటు మామూలు. నల్లరంగు అద్దెకి తీసుకుంటారు గానీ నల్లమనిషిని తీసుకోరు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా 'ఒథెల్లో' వేషానికి ఈ రంగు పూయడం మానింది 2015లో. ఇటలీలోని వెరోనాలో 2022లో కూడా పూశారు. దానికి నిరసనగా ఏంజెల్ బ్లూ అనే నల్లగాయని అక్కడ పాడనని తప్పుకుంది. మన సినిమాల్లో కూలివాడి వేషం అనగానే హీరో మొహానికి మసి పూయడం ఎప్పుడు మానతారో చూడాలి.

చప్పట్లతో గోడలు కూలతాయా? బంబ్రీని 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనెడీ వైట్‌హౌస్‌కి పిలిపించి పాడించుకుంది. గొప్ప గౌరవం. కానీ పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో. అంటే వైట్‌హౌస్‌లో పాడిన ఆ గాయని, అదే దేశంలో దక్షిణాదికి పోతే ఎన్నో హోటళ్లలో కూచుని అన్నం తినడానికి లేదు. పాట పనికొచ్చింది, పక్కన కూచోడానికి మనిషి పనికిరాలేదు.

ఆమె కంటే ముందు మేరియన్ ఆండర్సన్‌కీ ఇదే జరిగింది. కంట్రాల్టో గొంతు, యూరప్ అంతా నీరాజనాలు. 1939లో వాషింగ్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడతానంటే, హాలు చేతిలో వున్న తెల్లఆడవాళ్ల సంఘం ఇవ్వనంది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేసింది. ఏప్రిల్ 9న ఆండర్సన్ లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి పాడితే 75 వేల మంది విన్నారు. అంత జరిగినా మెట్రోపాలిటన్ ఒపెరా ఆమెని పిలిచింది 1955 జనవరిలో. అప్పటికి ఆ సంస్థకి డెబ్బై ఏళ్లు దాటాయి, ఆమెకి 57. ఏ గాయనికైనా గొంతు దిగిపోయే వయసు. జీవితమంతా బయట నిలబెట్టి చివర్లో లోపలికి రమ్మని, రమ్మన్నందుకు తమకి తామే చప్పట్లు కొట్టుకున్నారు. షర్లీ వెరెట్‌ని స్టకోవ్‌స్కీ అనే పెద్ద సంగీత నిర్వాహకుడు హ్యూస్టన్‌లో తన బృందంతో పాడమని పిలిస్తే, నల్లమనిషి కుదరదని అక్కడి పెద్దలు ఆపేశారు. ఆ తర్వాత ఆయన ఆమెని ఫిలడెల్ఫియాలో పాడించాడు. అదే వెరెట్ 1973లో మెట్రోపాలిటన్‌లో, తోటి గాయని జబ్బు పడితే, వొకే రాత్రి వొకే ఒపెరాలో రెండు పెద్ద వేషాలూ పాడి నిలబడింది. కుదరదన్న గొంతే రెండు గొంతుల పని చేసింది.

మనకిది కొత్త కథ కాదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటి పండితుడు జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడు. పెద్ద సంగతే. ఆ చేతుల్ని మేం చిన్నబుచ్చం. కానీ ఆ మర్నాడు వూళ్లో కాఫీహోటల్లో రెండో గ్లాసు పోయిందా? చెరువు దగ్గర కొత్తగా చోటు దొరికిందా? వొక్క మనిషి కాలికి పెండేరం, మిగతా జాతి కాలికి ముల్లు. పొగడ్త వ్యక్తికి వస్తుంది, తలుపు జాతికి తెరవాలి. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మోసపోతాం.

నల్లవాళ్ల కథకీ మన కథకీ ఈ చుట్టరికం మేం ఇవాళ కల్పించింది కాదు. 1946లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ డుబాయ్స్‌కి ఉత్తరం రాశాడు. అక్కడి నల్లవాళ్ల స్థితికీ ఇక్కడి అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక వుందన్నాడు. ఐక్యరాజ్యసమితికి వాళ్లు పెట్టుకున్న అర్జీ ప్రతులు అడిగాడు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఎవర్ని చూసి? కాబట్టి గ్రేస్ బంబ్రీ మనకి పరాయిది కాదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి జవాబు. మనకి డప్పు లేదా? వుందిరా తమ్ముడూ. డప్పు మన తాతలది, మన చావుది, మన పెళ్లిది, మన పోరాటానిది. దాన్ని ఎవరూ లాక్కోలేరు. కానీ "మీకు డప్పుంది గదా, వీణ ఎందుకు?" అనే మాట మొదట అన్నది నువ్వు కాదు, వాళ్లు. వాళ్ల మాట మన నోట్లోకి ఎట్లా వచ్చిందో చూసుకో. "ఎవరి కళ వాళ్లది" అనేది వినడానికి ఎంతో గౌరవంగా వుంటుంది. విప్పి చూస్తే లోపల వుండేది "ఎవరి చోట వాళ్లుండండి" అనే.

బంబ్రీని చూడు. ఆమె ఎవరు ఏ చోట నిలబెడితే ఆ చోట నిలబడలేదు. మెజ్జోగా పేరొచ్చాక, ఆ మెట్టు మీదే వుండమన్నవాళ్లని కాదని 1970ల్లో 'సలోమీ', 'టోస్కా' లాంటి సొప్రానో వేషాలకి ఎక్కింది. కొందరు విమర్శకులు మెచ్చారు, కొందరు గొంతు పాడుచేసుకుంటోందన్నారు. విమర్శ చెయ్యనీ, అది వాళ్ల పని. ఏ మెట్టు మీద పాడాలో తేల్చుకోవడం ఆమె పని. తర్వాత మళ్లీ మెజ్జో వేషాలకీ వచ్చింది. ఎక్కడమూ ఆమె ఇష్టమే, దిగడమూ ఆమె ఇష్టమే.

'పోర్గీ అండ్ బెస్' అని నల్లవాడ బతుకు మీద తెల్లాయన గెర్ష్విన్ కట్టిన ఒపెరా వుంది. 1935 నాటిది. మెట్రోపాలిటన్ వాళ్లు దాన్ని మొదటిసారి 1985లో వేస్తూ బెస్ వేషం బంబ్రీకి ఇచ్చారు. ఆమె వెనకాడింది. ఇంత దూరం నడిచొచ్చింది మళ్లీ 1935కి పోడానికా అనిపించిందని ఆమే తర్వాత చెప్పింది. చివరికి ఇది కూడా మన దేశ చరిత్రే, నచ్చినా నచ్చకపోయినా, అనుకుని పాడింది. ఈ తర్జనభర్జన మనకి బాగా తెలుసు. మన గురించి వాళ్లు రాసిన వేషం మనం కట్టాలా వద్దా? సులువైన జవాబు లేదు. ఆమె మాత్రం జవాబు తనే వెతుక్కుంది, ఎవరో చెప్తే తీసుకోలేదు. 1990ల్లో ఆమె తన పేరు మీదే వొక బృందం పెట్టి, బానిసలుగా బతికిన తన ముత్తాతల భక్తిపాటల్ని దేశదేశాల్లో వినిపించింది. వాగ్నర్ని గెలిచిన గొంతుతోనే అమ్మమ్మ పాట పాడింది. రెండూ కావాలంది. మేమూ అదే అంటున్నాం. డప్పూ మాదే, వీణా మాదే. చావిడీ మాదే, సభామందిరమూ మాదే.

ఇంకో మాట చెప్పి ముగిస్తాం. బంబ్రీ పాడితే రాయడానికి విమర్శకులు వున్నారు. మెచ్చినా తిట్టినా తెల్లారేసరికి పేపర్లో వచ్చేది. 2005లో చనిపోయిన మన చిందు ఎల్లమ్మ బతుకంతా వూరూరా తిరిగి ఆడింది, పాడింది. రాత్రంతా ఆడిన ఆటకి మర్నాడు పొద్దున సమీక్ష రాసేవాడు ఎవడున్నాడు? ఆమె ఏ వేషంలో ఏ ఘట్టం ఎట్లా పలికించేదో, గొంతు ఎక్కడ ఎత్తేదో, ఎక్కడ దించేదో రాసి పెట్టిన కాయితం ఎంత వుంది? తలుపు లోపలికి పోవడం వొక పోరాటమైతే, మన వాకిట్లో జరిగినదాన్ని మన కలంతో రాసుకోవడం ఇంకో పోరాటం. ఇంకొకడు చప్పట్లు కొట్టేదాకా ఆగడం దేనికి? ఈసారి మీ వూళ్లో చిందు ఆట జరిగితే, పోయి కూచుని చూడండి. ఎవరు ఏం పాడారో, ఎక్కడ బాగుందో, ఎక్కడ తప్పిందో నిజాయితీగా రాసి మాకు పంపండి. అచ్చేస్తాం.

మీ పిల్ల బాగా పాడుతుంటే సంగీత పాఠశాలకి తీసుకుపోండి. విడిగా కూచోబెట్టి చెప్తామంటే మాత్రం సెయింట్ లూయిస్‌లో ఆ తల్లి చెప్పిన జవాబు గుర్తుచేసుకోండి. తలుపు దగ్గర గొడవ చెయ్యండి. మేం వస్తాం.

జై భీమ్.